కాళ్లు లేనిదల్లా పాము కాదు

రక్తపింజరకు ఇంగ్లిషులో రస్సెల్స్ వైపర్ అని పేరు. ఆ రస్సెల్ స్కాట్లండ్‌కు చెందిన వైద్యుడు. 1780లలో ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి, ఈ తీరంలోని పాములను పట్టించి, బొమ్మలు గీయించి, ఇక్కడివాళ్లు చెప్పిన తెలుగు పేర్లతో సహా 1796లో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. ఆయన పేరే విశాఖపట్నానికి చెందిన మరో జీవికి కూడా ఉంది: రస్సెల్స్ లెగ్‌లెస్ స్కింక్. శాస్త్రీయ నామం బార్కూడియా మెలనోస్టిక్టా. పొడవు రమారమి జానెడు. కాళ్లు లేవు, ఒళ్లు నున్నగా మెరుస్తుంది, మట్టిలో పాకుతుంది. చూసినవాళ్లు పాముపిల్ల అంటారు. అది పాము కాదు, బల్లి. ఒకే మనిషి పేరు మోస్తున్న ఈ రెంటిలో ఒకటి దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసే పాముల్లో ఉంది, రెండోది మనిషిని ఏమీ చేయలేదు.

కాళ్లు లేకుండా పాకుతున్నప్పుడు పాము కాకుండా ఎలా పోతుందన్నది మొదట వచ్చే సందేహం. ముందు లెక్క చూద్దాం. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేర్లు పెట్టిన పాము జాతులు సుమారు 4,000. బల్లి జాతులు 7,000 దాటాయి. బల్లి అంటే ఇక్కడ గోడ మీది బల్లి ఒక్కటే కాదు. తొండ, ఊసరవెల్లి, ఉడుము, నలికిరి అన్నీ ఆ లెక్కలోవే. పాములూ వేరే ఎక్కడినుంచో రాలేదు. 10 కోట్ల ఏళ్లకు పూర్వమే బల్లుల వంశంలో ఒక శాఖ కాళ్లు పోగొట్టుకుని పాములుగా మారింది. అయితే ఆ పని చేసింది ఆ శాఖ ఒక్కటే కాదు. ఒళ్లు సాగి, కాళ్లు కుదించుకుపోయి పాము ఆకారం రావడం ఈ వంశంలో కనీసం 25 సార్లు, ఒకదానితో ఒకదానికి సంబంధం లేకుండా జరిగిందని 2006లో వీన్స్, బ్రాండ్లీ, రీడర్ అనే ముగ్గురు పరిశోధకులు లెక్క తేల్చారు. ఆ పాతికలో పాముల వాటా ఒక్కసారే.

కాబట్టి కాళ్లు లేని బల్లులన్నీ ఒక కుటుంబమని అనుకోనక్కర్లేదు. ఇంగ్లండ్ తోటల్లో కనిపించే స్లో వర్మ్‌ది ఒక వంశం, ఆస్ట్రేలియాలో కాళ్లు లేని బల్లులది ఇంకో వంశం, మన బార్కూడియా నలికిరి బంధువు. ఎవరి దారిన వాళ్లు వచ్చి ఒకే ఆకారానికి చేరారు.

నలికిరి మాట వచ్చింది కాబట్టి దాని సంగతి ఇక్కడే తేల్చేద్దాం. నలికీచు అనీ, నలికండ్ల పాము అనీ ఊరికో తీరుగా పిలుస్తారు. గోడవార ఎండకు వచ్చి, అలికిడి కాగానే రాళ్లలోకి జారిపోయే ఆ రాగిరంగు జీవికి నాలుగు కాళ్లూ ఉన్నాయి, ఒక్కో కాలికి ఐదు వేళ్లూ ఉన్నాయి. దాని దాయాది ఇంకొకటి మన పెరళ్లలోనే తిరుగుతుంది. వేలెడంత సన్నగా, నిలువు చారలతో ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు తోక ఎర్రగా ఉంటుంది. కాళ్లు మరీ చిన్నవి కావడంతో, వేగంగా పాకుతుంటే కంటికి ఆనవు. ఎర్రతోక పాము అని భయపడి చాలామంది చీపురు తిరగేసి కొట్టేది దీన్నే. దానికి విషం లేదు. ఆ మాటకొస్తే, కాళ్లున్నా లేకపోయినా, మనిషికి ప్రమాదం తెచ్చే విషం ఉన్న బల్లి మన దేశంలో ఒక్కటీ లేదు.

సరే, పాముకూ కాళ్లు లేని బల్లికీ తేడా ఎలా తెలియాలి? కాళ్లతో మాత్రం తేలదు. ఆశ్చర్యంగా ఉన్నా అది నిజం. కొండచిలువ అసలు సిసలు పాము. అయినా దాని గుదద్వారానికి రెండు పక్కలా గోళ్లలాంటి మొనలు ఉంటాయి. అవి పూర్వపు వెనక కాళ్ల మిగులు. బాల్కన్ దేశాల నుంచి మధ్య ఆసియా దాకా బతికే షెల్టోపూసిక్ అనే పెద్ద బల్లికీ అదే చోట అలాంటి మిగులే ఉంటుంది, ఓ 2 మిల్లీమీటర్లు. 1775లో రష్యాలో పనిచేసే పీటర్ పల్లాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనికి పేరు పెట్టేటప్పుడు పాముల్లో కలపకుండా, 'కాళ్లులేని బల్లి' అన్న అర్థంలోనే పెట్టాడు. అంతకు 17 ఏళ్ల ముందు, 1758లో, లినేయస్ అంతటివాడు స్లో వర్మ్‌ను పాముల పద్దులో రాశాడు. కాళ్లను చూసి తీర్పు చెప్పడం పండితులకే కుదరలేదు.

కొలతకు లొంగే మొదటి గుర్తు తోక. పాముకు తల తప్ప మిగతాదంతా తోకే కదా అనిపిస్తుంది. కాదు. గుదద్వారం దగ్గర ఒళ్లు ముగుస్తుంది, అక్కడి నుంచి చివరిదాకా తోక. మన ఊళ్లలో కనిపించే పాముల్లో చాలావాటికి ఈ తోక మొత్తం పొడవులో పదో వంతు నుంచి నాలుగో వంతు లోపు. మీటరు పొడవున్న పాము అనుకుంటే 10 నుంచి 25 సెంటీమీటర్లు. చెట్ల మీద తిరిగే పసిరిక పాము లాంటి వాటికి మూడో వంతు దాటవచ్చు. ఇప్పుడు షెల్టోపూసిక్‌ను చూడండి. 120 సెంటీమీటర్ల జంతువులో 70 సెంటీమీటర్లకు పైగా తోకే. గుండె, కాలేయం, కడుపు, పేగులు అన్నీ ముందున్న ఆ అర మీటరులోపే సర్దుకుంటాయి. గడ్డిలో, నేలపైన తిరిగే కాళ్లులేని బల్లుల్లో ఇంచుమించు అన్నిటికీ ఇదే తీరు: చిన్న ఒళ్లు, పెద్ద తోక.

అయితే ఈ గుర్తు మట్టి తవ్వుకుని బతికేవాటికి పనిచేయదు. బార్కూడియా లాంటివాటికి తోక పొట్టి. నేల మీద పరుగెత్తి తప్పించుకునేదానికి, శత్రువు నోట్లో వదిలేయడానికి పొడవాటి తోక కావాలి. ఎప్పుడూ మట్టిలోనే ఉండేదానికి దానితో పనిలేదు, ఈడ్చుకుపోవడానికి బరువు తప్ప. పైన తిరిగేవి తోక పెంచుకున్నాయి, కింద బతికేవి ఒళ్లు సాగదీసుకున్నాయి.

తోక వదిలేయడమన్నది మన గోడబల్లి చేసే పనే. పట్టుకోగానే తోక తెగి గిలగిలా కొట్టుకుంటుంది, బల్లి జారుకుంటుంది, కొన్నాళ్లకు కొత్త తోక మొలుస్తుంది. కాళ్లులేని బల్లుల్లో చాలావాటికి ఈ విద్య ఉంది. స్లో వర్మ్ శాస్త్రీయ నామం ఆంగ్విస్ ఫ్రాజిలిస్‌లో రెండో మాటకు ఇట్టే విరిగేదని అర్థం. అమెరికాలోని కొన్నింటికి తోక ముక్కలుముక్కలుగా ఊడుతుంది కాబట్టి గాజు బల్లులని పేరు. మన దగ్గర డార్జిలింగ్ కొండల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఉండేది ఈ గాజు బల్లుల బంధువే. పాముకు తోక తెగితే తెగినట్టే, మళ్లీ మొలవదు.

కన్ను, చెవి చూడమని కొందరు చెబుతారు. మంచి సలహాయే, కానీ సగమే. పాముకు కనురెప్పలు ఉండవు. కంటిమీద పారదర్శకమైన పొలుసు ఒకటి శాశ్వతంగా అతుక్కుని ఉంటుంది. పాముకు బయటికి చెవి రంధ్రమూ ఉండదు. స్లో వర్మ్ కళ్లు ఆర్పుతుంది. షెల్టోపూసిక్‌కు కళ్లు ఆర్పడం వచ్చు, తల పక్కన చెవి రంధ్రమూ కనిపిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. ఆస్ట్రేలియాకు వెళ్లగానే ఈ సూత్రం తల్లకిందులవుతుంది. అక్కడ పైగోపాడ్ అనే కుటుంబంలో 40కి పైగా జాతులున్నాయి. ముందు కాళ్లు బొత్తిగా లేవు. వెనక కాళ్ల చోట చిన్న పొలుసు రెక్కలు. వీటికి కనురెప్పలు లేవు! ఎందుకంటే ఇవి మన గోడబల్లికి దగ్గరి చుట్టాలు. గోడబల్లి కూడా కన్ను ఆర్పదు, నాలుకతో కంటిని తుడుచుకుంటుంది. ఈసారి ట్యూబులైటు దగ్గర కనిపించినప్పుడు గమనించండి. పైగోపాడ్లూ అంతే. బల్లి పలుకుకు శకునం చూసుకునే మనకు ఇంకో ముచ్చట: ఈ పాము ఆకారపు చుట్టాల్లో కొన్ని కీచుమని గొంతు కూడా విప్పుతాయి. పాము బుస కొడుతుంది తప్ప అలా పలకలేదు.

పొట్ట కింది పొలుసులు ఇంకొంచెం నమ్మదగినవి. చాలా పాములకు కడుపు పక్క అడ్డంగా, వెడల్పుగా ఒకే వరస పొలుసులు నిచ్చెన మెట్లలా పేర్చి ఉంటాయి. పాకేటప్పుడు నేలను పట్టేది అవే. కాళ్లులేని బల్లికి పొట్ట కింద కూడా చిన్నచిన్న పొలుసులు అనేక వరసల్లో ఉంటాయి. ఇక్కడా ఒక మినహాయింపు మన ఇంట్లోనే ఉంది. వానాకాలంలో పూలకుండీల్లో, స్నానాల గది తూముల్లో కనిపించే నల్లటి గుడ్డిపాము, వానపామంత సన్నగా, 15 సెంటీమీటర్ల దాకా పెరిగేది, నిజమైన పామే. కానీ దానికి వీపు మీదా పొట్ట కిందా ఒకే రకం పొలుసులు. దీని జాతికి తొలి వివరణ కూడా విశాఖపట్నం నుంచి వచ్చిన నమూనా మీదే 1803లో రాశారు. ఈ జాతిలో మగవి లేవు. ఆడవే మగతోడు లేకుండా పిల్లల్ని కంటాయి. మొక్కల కుండీల మట్టిలో ఒక్కటి చేరినా చాలు, కొత్త దేశంలో సంసారం మొదలవుతుంది. అందుకే అంటార్కిటికా తప్ప అన్ని ఖండాలకూ పాకింది. చీమల, చెదపురుగుల గుడ్లు తిని బతుకుతుంది, మనిషికి హాని లేదు.

నోటి సంగతి వేరు. పాము కింది దవడ రెండు ఎముకలు గడ్డం దగ్గర అతుక్కుని ఉండవు. మధ్యలో సాగే కట్టు మాత్రమే ఉంటుంది. అందుకే తన తలకంటే పెద్ద కప్పను, ఎలుకను అది మింగగలదు. కాళ్లులేని బల్లికి దవడ మనకున్నట్టే ముందు అతుక్కుని ఉంటుంది. పట్టినంతే తినాలి. స్లో వర్మ్‌కు వానపాములు, తోటల్లో ఆకులు తినే జిగురు పురుగులు ఆహారం. షెల్టోపూసిక్ నత్తలను గుల్లతో సహా నమిలి పగలగొడుతుంది. ఈ దవడ పరిమితిని పట్టించుకోనిది ఆస్ట్రేలియాలోని బర్టన్స్ లెగ్‌లెస్ లిజర్డ్. దాని పళ్లు బందుల మీద వెనక్కి ఒరుగుతాయి, పుర్రె కూడా మధ్యలో వంగుతుంది. సాటి బల్లినే పట్టి ఉక్కిరిబిక్కిరి చేసి నిలువునా మింగేస్తుంది. పాము చేసే పనిని పాము సామగ్రి లేకుండానే సాధించింది.

అసలు కాళ్లు ఎందుకు పోయాయి? నడవడానికి పనికొచ్చేదాన్ని వదులుకోవడం నష్టం కాదా? మట్టిలోనో, ఇసుకలోనో, దట్టమైన గడ్డి దుబ్బుల్లోనో బతికేదానికి కాళ్లు తగులుకుంటాయి. ఒళ్లు పొడవై, వెన్ను అలలా కదిలితే అదే ముందుకు తోస్తుంది. మనిషికి వెన్నుపూసలు 33. పాముకు 120 నుంచి 400కు పైగా. పూసలు పెరిగేకొద్దీ కాళ్ల అవసరం తగ్గింది, ముందు వేళ్లు, తర్వాత పాదం, చివరికి కాలు. ఇది ఊహ కాదు, మధ్య మెట్లన్నీ ఇవాళా బతికే ఉన్నాయి. ఆస్ట్రేలియాలో లెరిస్టా అనే నలికిరి జాతుల గుంపు ఉంది. 90కి పైగా జాతుల్లో కొన్నింటికి ఐదు వేళ్లు, కొన్నింటికి నాలుగు, మూడు, రెండు, ఒకటి, కొన్నింటికి అసలు కాళ్లే లేవు. మన థార్ ఎడారి ఇసుకలో ఈదుతున్నట్టు కదిలే ఒక నలికిరికి కాలికి మూడేసి వేళ్లే మిగిలాయి.

ఎంతకాలం పడుతుంది? లెరిస్టాలో ఐదు వేళ్ల స్థితి నుంచి కాళ్లు పూర్తిగా పోవడం వేగంగా జరిగిన చోట 36 లక్షల ఏళ్లలోనే ముగిసిందని 2008లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. 36 లక్షలంటే మనకు అంతులేని కాలం. కానీ కొలత టేపు తీసి, 10 కోట్ల ఏళ్లను ఒక మీటరుగా పరిచి చూడండి. ఈ మార్పుకు పట్టింది 3.6 సెంటీమీటర్లు, అంటే బొటనవేలి చివరి కణుపంత.

పాముల్లో కాళ్లు ఆగిపోవడానికి ఒక కారణం 2016లో అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో బయటపడింది. పిండంలో కాలు పెరగాలంటే ఒక జన్యువును సరైన సమయంలో ఆన్ చేసే స్విచ్ లాంటి భాగం డీఎన్ఏలో ఉంటుంది. ఎలుక పిండంలో ఆ భాగం తీసి, పాములోని అదే భాగాన్ని పెట్టారు. పుట్టిన ఎలుకకు కాళ్ల చోట మొండి బొడిపెలే ఉన్నాయి. పాము స్విచ్‌లో పోయిన 17 డీఎన్ఏ అక్షరాలను తిరిగి చేర్చి చూశారు. కాళ్లు మామూలుగా వచ్చాయి. వందల అక్షరాల స్విచ్‌లో 17 తక్కువ, అంతే. ఇది పాముల కథ సుమా, కాళ్లులేని ప్రతి బల్లీ ఇదే స్విచ్ పోగొట్టుకుందని కాదు. 25 సార్లు జరిగినదానికి 25 దారులుండవచ్చు.

ఇక మన దేశానికి వద్దాం. 1916లో కలకత్తాలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మొదలైనప్పుడు దాని తొలి డైరెక్టరు నెల్సన్ అనండేల్. మరుసటి ఏడు ఆయన ఒడిశాలో చిలికా సరస్సు మధ్య ఉన్న బార్కుడా ద్వీపం నుంచి కాళ్లులేని నలికిరిని వర్ణించి, ద్వీపం పేరే దానికి పెట్టాడు. 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జంతుశాస్త్రవేత్త పి.ఎన్. గణపతి, ఆయన సహచరుడు ఇలాంటి బల్లే వాల్తేరులో ఉందని కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించారు. రస్సెల్ పేరున్నది ఈ విశాఖ బల్లే. 1801లో దీనికి తొలిసారి లాటిన్ పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త ష్నైడర్ కూడా స్లో వర్మ్ పద్దులోనే రాశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఇది అరుదుగానే కంటబడుతోంది. నేల కింద ఉండేదాన్ని వెతకడం ఎవరికైనా కష్టం. వెతుకుతున్న నేల మీద నగరం పెరుగుతుంటే మరీ కష్టం. విశాఖ వైపు తోట తవ్వేటప్పుడు జానెడు పొడవున నున్నటి జీవి మట్టిలోకి దూరుతూ కనిపిస్తే ఫొటో తీసుకుని వదిలేయండి. ఆ ఫొటో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పేవాళ్లకు బంగారం.

నగరంలో ఇలాంటివి మిగలవని మాత్రం అనుకోకండి. లాస్ ఏంజెలెస్ అంతర్జాతీయ విమానాశ్రయం రన్‌వే దాటాక పడమటి వైపు ఇసుక దిబ్బలున్నాయి. 2013లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు పాపెన్‌ఫస్, పర్హామ్ ఒక్కసారే నాలుగు కొత్త కాళ్లులేని బల్లి జాతులను ప్రకటించారు. అందులో ఒకటి ఆ దిబ్బల్లో కూడా బతుకుతోంది. అక్కడ విమానమెక్కిన మన తెలుగువాళ్లు ఎందరో దాని మీదుగానే ఎగిరి ఉంటారు.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు లెక్క ఇంకా సులువు. అక్కడి సొంత పాములు మూడే జాతులు, విషం ఉన్నది వాటిలో ఒక్క యాడర్. సొంత బల్లులు మూడు జాతులు, కాళ్లు లేనిది వాటిలో ఒక్క స్లో వర్మ్. అరమీటరు లోపు, ఇత్తడి మెరుపు, తోటలో కంపోస్టు కుప్ప కింద ముడుచుకుని పడుకుంటుంది. తోట పురుగులను తినిపెట్టే ఉపకారి. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని కావాలని చంపడం, గాయపరచడం నేరం. తోకను, కాళ్లను వదులుకున్నా ఆయుష్షును వదులుకోలేదు ఇది: కోపెన్‌హాగెన్ జంతుప్రదర్శనశాలలో ఒకటి 54 ఏళ్లు బతికింది. ఒక ఉద్యోగి కొలువులో చేరినప్పుడు వచ్చిన బల్లి ఆయన పదవీ విరమణ నాటికీ ఉంటుందన్నమాట.

మన పెరట్లో లెక్క అంత సులువు కాదు. మన దేశంలో పాము జాతులే 300కు పైగా ఉన్నాయి. 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో దేశంలో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా. సగటున ఏటా 58 వేలు. రోజుకు 159 మంది. ఇంకా దగ్గరగా చెప్పాలంటే 9 నిమిషాలకొకరు. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల జాబితాలో, తెలంగాణను కలుపుకొన్న ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇటు చూస్తే, మన రెండు రాష్ట్రాల్లో పూర్తిగా కాళ్లులేని బల్లి విశాఖ మట్టిలాంటి ఒకటి రెండు చోట్ల, అదీ నేల కింద ఉంటుంది. కాబట్టి ఇంటి ముందు పాకుతున్నదానికి కాళ్లు లేవంటే, అది బల్లి కావడం కంటే పాము కావడానికే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువ.

అలాంటప్పుడు పైన చెప్పిన గుర్తులన్నీ ఎందుకంటారా? ఫొటోలో చూడటానికి, చచ్చి పడి ఉన్నదాన్ని గుర్తుపట్టడానికి, పిల్లలకు చెప్పడానికి. కనురెప్ప ఆర్పుతోందా, పొట్ట కింద పొలుసులు ఎన్ని వరసలు అని బతికున్నదాన్ని వంగి చూడబోతే, అప్పటికే కాటుకు అందేంత దగ్గరికి వెళ్లినట్టు. ఏ ఒక్క గుర్తూ ఒంటరిగా తీర్పు చెప్పలేదని కూడా చూశాం. తోక, కన్ను, పొట్ట మూడూ కలిస్తేనే మాట. నాలుగు కాళ్లు స్పష్టంగా కనబడితే నలికిరి, వదిలేయండి. కనబడకపోతే రెండు మూడు మీటర్లు వెనక్కి జరగండి, కర్ర తీయకండి, పాములు పట్టేవాళ్లకో అటవీ శాఖకో ఫోన్ చేయండి.

ఒకవేళ కాటు పడితే, కరిచింది ఏదో తేల్చుకోవడానికి దాని వెంట పడొద్దు. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేరండి. మన ఆసుపత్రుల్లో ఉండే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ కలిపి తయారైనదే. పాము పేరు తెలియకపోయినా లక్షణాలు చూసి వైద్యులు చికిత్స మొదలుపెడతారు.